సెలవుల్లో కోహా అప్‌గ్రేడ్ చేస్తున్నారా? సొంత నంబరు వేయవద్దు

కళాశాల తెరిచిన రోజు ఉదయం ఒక గ్రంథాలయం నుంచి ఫోను వచ్చింది. వేసవి సెలవుల్లో కోహా (గ్రంథాలయం పనులు నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌గ్రేడ్ చేశారు, తెర మీద అంతా పూర్తయిందనే వచ్చింది. తీరా కౌంటరు ముందు పిల్లలు వరుస కట్టాక ఒక పేజీ తెరుచుకోవడం లేదు. లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) తీయిస్తే ఫలానా కాలమ్ లేదని ఉంది. "సార్, వెర్షన్ నంబరు సరిగ్గానే ఉంది కదా" అని లైబ్రేరియన్ గారు నాలుగుసార్లు అడిగారు. నంబరు సరిగ్గానే ఉంది. డేటాబేసే సరిగ్గా లేదు.

విషయం తవ్వితే తేలింది. కొన్ని నెలల క్రితం ఎవరో సభ్యుల టేబుల్‌లో హాస్టల్ గది నంబరు కోసం ఒక కాలమ్ చేర్చారు. ఆ మార్పుకు ఒక అప్‌డేట్ నంబరు కావాలనుకొని, అప్పటి వెర్షన్ చివర 000 ఉంటే తాను 001 వేసుకున్నారు. తర్వాత కోహా బృందం అదే వరుసలో, అదే 001 నంబరుతో, వేరే మార్పు విడుదల చేసింది. కోహా తన డేటాబేస్‌లో వెర్షన్ అని ఒకే ఒక విలువ దాచుకుంటుంది. అప్‌గ్రేడ్ సమయంలో దానికంటే పెద్ద నంబరున్న మార్పులనే నడుపుతుంది. సమానమైతే నడిచిపోయినట్టే లెక్క. ఆ నంబరు వెనుక ఏ పని జరిగిందో అది చూడదు. అందుకే అసలైన 001 చడీచప్పుడు లేకుండా దాటిపోయింది.

ఈ ఒక్క తప్పు వల్ల బోర్లాపడ్డవాళ్లను నేను ఇప్పటికి ముగ్గురిని చూశాను. మే, నవంబరు నెలల్లో కోహా కొత్త విడుదలలు వస్తాయి. మన కళాశాలలకు వేసవిలోనే తీరిక. కాబట్టి అడుగుతున్నది ఒకటే: నంబరు మీరు వేయవద్దు. బ్యాకప్ తీసుకోమని చెప్పను, అది తెలియనివారు సర్వర్ జోలికే వెళ్లకూడదు.

ప్యాచ్ పంపేవారికి

23.05 అంటే 2023 మే విడుదల. అది బయటికి వచ్చాక తర్వాతి విడుదల కోసం జరిగే పని 23.06.00 కింద 001, 002 అంటూ నడిచి 23.11 దగ్గర ఆగుతుంది. ఈ నంబర్లు ఇచ్చే పని ఆ ఆరు నెలలకు ఎంపికైన రిలీజ్ మేనేజర్‌ది. ప్యాచ్ అంటే కోహా కోడ్‌కు మీరు రాసి పంపే మార్పు. అందులో నంబరు ఉండదు. అటామిక్‌అప్‌డేట్ అనే ఫోల్డర్‌లో, బగ్ సంఖ్యే (ఆ లోపానికో, కోరికకో కోహా నమోదులో పడే సంఖ్య) పేరుగా, మీ మార్పును ఒక ఫైలుగా పెడతారు. బగ్ సంఖ్య ఇద్దరికి ఒకటే రాదు కాబట్టి తగువు లేదు. వరుస నంబరు మాత్రం ప్యాచ్ ప్రధాన కోడ్‌లో కలిసే రోజున పడుతుంది. ఒకే వారం పదిమంది పది ప్యాచ్‌లు రాస్తుంటే ఎవరిది ముందు కలుస్తుందో ఎవరికి తెలుసు? "నా వంతు 012 కావచ్చు" అని ఊహించి వేసేవారు ఊహల మీద ఇల్లు కట్టినట్టే.

ఇంకో సంగతి. అదే మార్పు పాత స్థిర వెర్షన్‌లోకి కూడా వెళ్తే అక్కడ దానికి వేరే నంబరు పడుతుంది. ఆ గ్రంథాలయం తర్వాత కొత్త వెర్షన్‌కు వచ్చినప్పుడు అదే మార్పు రెండోసారి ఎదురవుతుంది. అందుకే కాలమ్ చేర్చే ముందు ఆ కాలమ్ ఇప్పటికే ఉందో లేదో అడిగి చూడాలి. టేబుల్‌కూ, ఇండెక్స్‌కూ అంతే. రెండుసార్లు నడిపినా హాని చేయని అప్‌డేటే పనికొస్తుంది. కోహా వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మై ఎస్‌క్యూఎల్‌లో టేబుల్ రూపం మార్చే ఆదేశం అక్కడికక్కడే ఖరారవుతుంది, వెనక్కి తీసుకోవడం ఉండదు. మధ్యలో ఆగిన అప్‌డేట్ సగం పని చేసేసి కూర్చుంటుంది. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ వాడినవారికి ఈ బాధ అంతగా తెలియదు, వారి అదృష్టం.

సర్వర్ చూసుకునేవారికి

సభ్యుల గురించి అదనపు వివరం కావాలంటే కోహాలోనే పేట్రన్ అట్రిబ్యూట్ అనే ఏర్పాటుంది. హాస్టల్ గది నంబరుకు అదే చాలు, కాలమ్ అక్కర్లేదు. అంతకు మించి కావాలంటే ప్లగిన్ (కోహాకు విడిగా తగిలించే చిన్న ప్రోగ్రాం) రాసి, దానికి సొంత టేబుల్ పెట్టుకోండి. కోహా టేబుళ్లలో వేలు పెట్టవద్దు, పైగా నంబరు మీరు వేయవద్దు.

డెబియన్ అనే లైనక్స్‌లో ప్యాకేజీగా కోహా పెట్టుకున్నవారు సర్వర్ మొత్తాన్ని అప్‌గ్రేడ్ చేస్తే కోహా డేటాబేస్ కూడా దానంతట అదే మారిపోతుంది. సెక్యూరిటీ అప్‌డేట్ అనుకొని పరీక్షల వారంలో మీట నొక్కినవారున్నారు.

ఇది కోహాకే ప్రత్యేకం కాదు. వెబ్‌సైట్లు నడిపే ద్రుపల్, ఆన్‌లైన్ పాఠాలు నడిపే మూడుల్ కూడా ఒక్కో భాగానికి చివరి నంబరు ఒక్కటే గుర్తుంచుకుంటాయి. వెబ్ ప్రోగ్రాములు రాయడానికి వాడే రైల్స్‌లో ఇద్దరికి ఒకే వరుస సంఖ్య వస్తున్న చిక్కు పడలేకే 2008లో వచ్చిన 2.1 నుంచి తేదీ, సమయాలతో కూడిన 14 అంకెల నంబరుకు మారారు. అలాంటిదే అయిన జాంగో ఒకే మైగ్రేషన్ (డేటాబేస్ మార్పు ఫైలు) నుంచి రెండు కొమ్మలు చీలితే ముందుకు కదలదు. డేటాబేస్ మార్పులను నడిపే ఫ్లైవే, నడిచిన ఫైలును తర్వాత దిద్దితే పట్టుకుంటుంది. అరిచి ఆగిపోయే సాఫ్ట్‌వేర్ మంచిది. మౌనంగా దాటేసేదానితోనే ప్రమాదం.

ఇక వరుసగా:

బయటికి వెళ్లిన నంబరును మార్చవద్దు. తప్పుంటే కొత్త నంబరుతో కొత్త మార్పు రావాలి, పాతదాన్ని దిద్దకూడదు.

రద్దయిన నంబరును మళ్లీ వాడవద్దు. ఖాళీగా వదిలేయండి.

ఒక నంబరు కింద ఒక్క మార్పే.

అంకెల ముందు సున్నాలు తీసేయవద్దు. పేర్ల వరుసలో 9 కంటే 10 ముందొస్తుంది, 009 అయితే ఆ గొడవ లేదు.

వెర్షన్ విలువను చేత్తో దిద్ది ఎర్రర్ మాయం చేయవద్దు. మాయమైంది హెచ్చరిక మాత్రమే.

"మాది ఎవరికీ తగలదులే" అని 900 నుంచి మొదలుపెట్టవద్దు. ఆ వరుసలో తర్వాత వచ్చే మార్పులన్నీ దానికంటే చిన్నవే, ఒక్కటీ నడవదు.

పాత కాంట్రాక్టర్ ఏం మార్చాడో రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట వద్దు.

డంప్‌ను (డేటాబేస్ మొత్తం నకలును) మరో యంత్రంలో ఎక్కించి, అక్కడ ముందు అప్‌గ్రేడ్ చేయండి. అప్‌గ్రేడ్ అయిన టేబుళ్లను అదే వెర్షన్ కొత్తగా పెట్టిన కోహా టేబుళ్లతో పోల్చండి. తేడా ఉంటే ఆగండి.

నంబరు మీరు వేయవద్దు. అత్యవసరమైనా, ప్రిన్సిపాల్ గారు అడిగినా, ఒక్క కాలమే అయినా.

పని అయ్యాక వెర్షన్ నంబరు చూసుకొని తాళం వేసి వెళ్లిపోవద్దు. ఒక పుస్తకం ఇచ్చి, తిరిగి తీసుకొని, ఒక కొత్త సభ్యుణ్ణి చేర్చి, జరిమానా ఒకటి వసూలు చేసి చూశాక వెళ్లండి.