గాలం చిక్కితే దిగొద్దు, వైరు కోసెయ్యండి: దసరా సెలవుల్లో చెరువుకు పోయే పిల్లల కోసం

చెరువులు నిండాయంటే పేపర్ల జిల్లా పేజీల్లో ఏటా అదే వార్త. చేపలకని పోయిన పిల్లలు నీట మునిగారని. చాలాసార్లు ఒకరు కాదు, ఇద్దరు. ఒకడు జారితే రెండోవాడు చెయ్యి అందించబోతాడు కాబట్టి. బతుకమ్మ, దసరా సెలవులకు వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు చెరువులు మత్తడి (అలుగు) దాకా ఉంటాయి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు గాలాలు పట్టుకుని బయల్దేరేదీ అప్పుడే. టోపీలు, మంచినీళ్ల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

ప్రాణం తీసే తప్పు

గాలం దేనికో తట్టుకుంటుంది. లాగితే రాదు. పిల్లవాడు ప్యాంటు మడిచి "మోకాళ్ల లోతే" అంటూ దిగుతాడు. మోకాళ్ల లోతు ఉన్నమాట నిజమే. తర్వాతి అడుగు రెండు నిలువుల గుంతలో పడుతుంది.

ఎండాకాలంలో చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, జేసీబీలు దిగుతాయి. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక పూడిక మట్టి పొలాలకు బాగా చేరింది, అది మంచి పనే. పైపైన సమంగా తీస్తే ప్రమాదం లేదు. ఇటుకలకు మట్టో, రోడ్డుకు మొరమో కావాలని ఒకేచోట లోతుగా తవ్వితేనే గోడలాంటి అంచున్న గుంత మిగులుతుంది. నీళ్లు నిండాక పైనుంచి అంతా ఒక్కతీరుగానే కనిపిస్తుంది. అంచు మట్టి నాని ఉంటుంది. పట్టుకుని ఎక్కబోతే పెళ్లలు పెళ్లలుగా ఊడి చేతికొస్తుంది. ఈత వచ్చినవాడు కూడా అక్కడే అలసిపోతాడు.

గాలం చిక్కేది కూడా అలాంటి చోటే. శిఖంలో మొలిచిన సర్కారు తుమ్మ కంపలు నీళ్లలో మునిగి ఉంటాయి. కొర్రమట్టలు దాక్కునేది వాటి మొదట్లోనే కాబట్టి పిల్లలు గాలం అక్కడికే విసురుతారు. చిక్కితే దిగొద్దు. వైరు కోసెయ్యండి.

చిక్కు విడిపించే పద్ధతి

ముందు వైరు వదులు చెయ్యండి. ఒడ్డు మీదే పది పదిహేను అడుగులు పక్కకు నడిచి, గాలం దిగిన దిక్కుకు ఎదురుగా మెల్లగా లాగండి. సగం సార్లు వచ్చేస్తుంది. రాకపోతే వైరును కట్టెకు నాలుగు చుట్లు చుట్టి, ముఖం పక్కకు తిప్పుకుని వెనక్కి నడవండి, తెగిపోతుంది. చేతికి మాత్రం చుట్టుకోవద్దు, నైలాన్ వైరు వేలును ఎముక దాకా కోస్తుంది. కర్రతో ఎగలాగొద్దు, సీసం గుండు ఎగిరొచ్చి కంటికి తగులుతుంది.

ఒక్కొక్కరికి ఐదారు గాలాలు ఇచ్చి పంపండి, వైరు కోయడానికి మెడలో దారానికి నెయిల్ కట్టర్ కట్టండి. ఉన్నది ఒక్కటే గాలమైతే పిల్లవాడు దాని కోసం దిగుతాడు.

పోయే ముందు రోజు

ఆ చెరువు మత్స్యకారుల సంఘం వాళ్లను కలవండి. చేపల హక్కు వాళ్లది, అనుమతి ఎలాగూ అడగాల్సిందే. "ఈ ఎండాకాలం మట్టి ఏ పక్క తీసిన్రు?" అని అడిగి, ఆ పక్కకు పోవద్దు. పాకాల చెరువు ఉన్నది అభయారణ్యంలో, అక్కడ సొంతంగా గాలం వెయ్యొద్దు.

20 మీటర్ల తాడు, ఐదు లీటర్ల డబ్బా పట్టుకుపోండి. డబ్బాలో రెండు గ్లాసుల నీళ్లు పోసి మూత బిగించి తాడు కట్టాలి. ఖాళీ డబ్బా గాలికి దూరం పోదు. ఇంట్లోనే నాలుగుసార్లు విసిరి చూడండి.

చెరువు దగ్గర

మత్తడి మీద నిలబడొద్దు. ఎదురెక్కే చేపలను పట్టాలని ఎక్కుతారు, నాచుకు కాలు నిలవదు.

తూము దరిదాపులకు పోవద్దు, తెరిచి ఉంటే లోపలికి గుంజుతుంది.

కట్ట రాళ్ల మీద తడి చెప్పులతో దిగొద్దు.

కార్బన్ గాలపు కర్ర కరెంటును లాగుతుంది. తీగల కింద ఎత్తొద్దు. మోటరు వైర్ల దగ్గర కూర్చోవద్దు.

విసిరేముందు వెనక్కి చూడాలి. ఇద్దరి మధ్య కనీసం పది అడుగులు.

ఉరుము వినబడితే కర్రలు కింద పెట్టి కట్ట దిగాలి. తాటిచెట్టు కిందకు వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

జెల్ల చేపను పట్టేటప్పుడు వీపు మీది ముల్లు, రెండు పక్కల ముళ్లు చూసుకోవాలి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెట్టాలి.

గాలం ముల్లు ఒంట్లో దిగితే వెనక్కి గుంజొద్దు. వైరు కోసి ఆసుపత్రికి.

పొద్దు గూకాక ఒక్కరూ ఉండొద్దు.

చిక్కితే దిగొద్దు. కొత్త గాలమైనా, కర్రే పోయినా, ఫోన్ పడినా దిగొద్దు.

ఎవరైనా పడితే దూకొద్దు. డబ్బా విసరండి, లేదా కట్ట మీద బోర్లా పడుకుని కర్ర అందించండి. మునిగేవాడు అరవడు, చెయ్యి ఊపడు, నోరు నీటి మట్టానికి వచ్చి పోతుంటుంది. దాన్ని ఆట అనుకోవద్దు.

ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఒడ్డుకు తెచ్చాక తలకిందులుగా వేలాడదీయొద్దు, గిరగిరా తిప్పొద్దు, పొట్ట నొక్కొద్దు. ఊపిరి లేకపోతే ముందు ఐదుసార్లు నోటితో ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా 30 సార్లు నొక్కడం, 2 సార్లు ఊదడం. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. లేచి కూర్చుని "మంచిగున్న" అన్నా ఇంటికి తీసుకుపోవద్దు. నీళ్లు చేరిన ఊపిరితిత్తులు కొన్ని గంటలకు దెబ్బతినొచ్చు. నేరుగా ఆసుపత్రికే.