తుఫాన్లు మొదలయ్యేలోపు మెయిల్ సర్వర్ బిల్డ్ చూసుకోండి

వినాయక చవితి పందిళ్లు తీసేసరికి మన కోనసీమలో జనరేటర్‌కి డీజిల్ ఉందా, ఇంటి మీదకి వాలిన కొబ్బరిచెట్టు సంగతేంటి అన్న చూపు మొదలవుతుంది. మెయిళ్లు పంపి అందుకునే పోస్ట్‌ఫిక్స్, వాటిని మనకి చూపించే డవ్‌కాట్ లాంటి ప్రోగ్రామ్‌ల సోర్స్ (అసలు కోడ్) తెచ్చి సొంతంగా కంపైల్ చేసుకుని (నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకుని) నడిపేవాళ్లకి ఇంకో పని కూడా ఉంది. నెట్ లేకపోయినా ఆ సర్వర్ని మళ్లీ కట్టగలమా లేదా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

1996 నవంబరు 6 తుఫాను రాత్రి ఎలా గడిచిందో ఇంట్లో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. అంత పెద్దది రానక్కర్లేదు. ఫైబర్ మీద ఓ చెట్టు పడితే చాలు, రెండ్రోజులు నెట్ ఉండదు.

నాకు బుద్ధి వచ్చింది అలాంటి ముసురులోనే. అమలాపురంలో ఒక ఆఫీసు సర్వర్ని ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 20.04 వెర్షన్ నుంచి 22.04కి మార్చాను. అందులో పోస్ట్‌ఫిక్స్ నా చేత్తో కంపైల్ చేసింది. అప్‌గ్రేడ్ చివర్లో పాత ప్యాకేజీలు తీసేయమంటావా అని అడిగితే, జాబితా చదవకుండా ‘వై’ నొక్కేశాను. ఆ జాబితాలో నా పోస్ట్‌ఫిక్స్ ఎన్‌క్రిప్షన్ కోసం వాడుకునే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 లైబ్రరీ ఉంది. 22.04లో వచ్చేదేమో 3.0. రీబూట్ అయ్యాక లాగ్ నిండా ఒకటే వరస: ఎస్‌ఎంటీపీడీ, ఎగ్జిట్ స్టేటస్ 127, బ్యాడ్ కమాండ్ స్టార్టప్. మెయిళ్లు అందుకునే ఆ ఎస్‌ఎంటీపీడీ ఫైల్ మీద, ఏ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీ కమాండ్ కొడితే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 ఎదురుగా ‘నాట్ ఫౌండ్’. సరే, మళ్లీ కంపైల్ చేద్దామంటే ఎస్‌ఎస్‌ఎల్.హెచ్ ఫైల్ లేదంది. డిస్క్‌లో జాగా కోసమని అలాంటి హెడర్ ఫైళ్లుండే డెవ్ ప్యాకేజీని అంతకుముందే నేనే పీకేశాను. తెచ్చుకుందామంటే నెట్ లేదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, మనం చేత్తో కట్టిన ప్రోగ్రామ్ ఏ లైబ్రరీ మీద ఆధారపడిందో ఉబుంటులో ప్యాకేజీలు చూసుకునే ఆప్ట్‌కి తెలీదు. దాని లెక్కలో అది ఎవరికీ అక్కర్లేని సామాను. అందుకని మీ మెయిల్ ప్రోగ్రామ్‌లన్నిటి మీదా ఇవాళే ఎల్‌డీడీ నడిపి, వచ్చిన లైబ్రరీల పేర్లు రాసుకోండి. ఏ లైబ్రరీ ఏ ప్యాకేజీలోదో డీపీకేజీ -ఎస్ (పెద్ద ఎస్) చెబుతుంది. ఆ ప్యాకేజీల మీద ఆధారపడినట్టు ఈక్వివ్స్ అనే పనిముట్టుతో ఒక ఖాళీ ప్యాకేజీ చేసి పెట్టుకుంటే, వాటిని తీసేసే రోజు జాబితాలో దీని పేరూ కనబడుతుంది. చదివితేనే అనుకోండి.

తర్వాత సామాను. సోర్స్ టార్‌బాల్స్ (కోడంతా కట్టగట్టిన ఫైళ్లు), అవి అసలువేనా అని తేల్చే సంతకం ఫైళ్లు, డెవ్ ప్యాకేజీల డెబ్ ఫైళ్లు, కంపైలర్‌తో సహా అన్నీ ఒక డిస్క్‌లోకి దించండి. సంతకం సరిపోయింది కదా అని మరీ ధీమా వద్దు. 2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ అనే కుదింపు ప్రోగ్రామ్‌లోని దొంగదారి (బ్యాక్‌డోర్) 5.6.0, 5.6.1 టార్‌బాల్స్‌లోనే ఉంది. దాన్ని రగిలించే బిల్డ్ ఫైల్ అందరికీ కనబడే గిట్ కోడ్‌లో లేదు, టార్‌బాల్‌లో మాత్రమే పెట్టారు. కొత్త వెర్షన్ వచ్చిన వారంలోనే ఎక్కించేయాలన్న ఆత్రం సీజన్ ముందు అస్సలు పనికిరాదు. సెక్యూరిటీ ప్యాచ్ అయితే వేరే సంగతి.

సామాను దించుకోగానే అయిపోయినట్టు కాదు. వర్చువల్ మెషీన్‌లో నెట్ తీసేసి, లేదా నెట్ లేకుండా కమాండ్ నడిపే అన్‌షేర్ -ఎన్ కింద, మొదట్నుంచీ ఒకసారి కట్టి చూడండి. ఏదో ఒకటి లేదని కచ్చితంగా అడుగుతుంది. పోస్ట్‌ఫిక్స్‌కి బిల్డ్ ఆప్షన్లు తీసుకునే కాన్ఫిగర్ స్క్రిప్ట్ ఉండదు. మేక్ మేక్‌ఫైల్స్ అన్నప్పుడు మీరిచ్చిన ఆప్షన్లు మేక్‌డెఫ్స్.ఔట్‌లో ఉంటాయి. దాని కాపీ దాచుకోకపోతే, కిందటేడు ఏమిచ్చి కట్టారో మీకే గుర్తుండదు.

ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే బిల్డ్‌తో నాకు టెన్షన్ లేదు. ఏమీ చెప్పకుండా పూర్తయ్యేదాంతోనే భయం. డవ్‌కాట్ 2.3 కాన్ఫిగర్‌కి జెడ్‌స్టాండర్డ్ (ఫైళ్లు కుదించే లైబ్రరీ) హెడర్లు దొరక్కపోతే ఆ సౌకర్యం వదిలేసి ముందుకెళ్లిపోతుంది. మీ పాత మెయిళ్లు జెడ్‌స్టాండర్డ్‌తో కుదించి ఉంటే అవి ఇక తెరుచుకోవు. అందుకే కావాల్సిన ప్రతిదానికీ ‘విత్’ ఆప్షన్ మీరే రాయండి, లేనప్పుడు అక్కడే ఆగుతుంది. పోస్ట్‌ఫిక్స్ కట్టాక, అది చదవగల టేబుల్ రకాలు చూపే పోస్ట్‌కాన్ఫ్ -ఎమ్ (చిన్న ఎమ్) కొట్టండి. బర్క్‌లీ డీబీ అనే డేటాబేస్ లైబ్రరీ లేకుండా కట్టి ఉంటే అందులో ‘హాష్’ కనబడదు, మీ ఏలియస్ టేబుల్ (ఏ పేరుకొచ్చిన మెయిల్ ఎవరికెళ్లాలో రాసేది) హాష్‌లో ఉంటే పని చేయదు. డవ్‌కాట్ మార్చినప్పుడు సీవ్ (మెయిళ్లని వాటంతటవే ఫోల్డర్లలోకి సర్దే నియమాలు) కోసం వాడే పిజన్‌హోల్ కూడా దానికి సరిపడే వెర్షన్‌తో మళ్లీ కట్టాలి.

పాత బైనరీలు (కంపైల్ అయిన ప్రోగ్రామ్‌లు) చెరపకండి. వెర్షన్ పేరుతో వేరే ఫోల్డర్‌లో ఉంచండి.

కాకినాడ రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటే ఇక కంపైలర్ ముట్టుకోవద్దు. ఆ రోజు ఆఫీసాయన ఫోన్ చేసి, “ఏవండీ, మెయిళ్లన్నీ పోయినట్టేనా?” అని అడుగుతారు. పోవండి. మన సర్వర్ అందకపోతే అవతలి సర్వర్లు దాచుకుని మళ్లీ మళ్లీ పంపుతాయి. పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజులు చూస్తుంది. కాబట్టి ఇన్వర్టర్ కీచుమనక ముందే పోస్ట్‌ఫిక్స్ స్టాప్, డవ్‌కాట్ స్టాప్, షట్‌డౌన్. కరెంటూ నెట్టూ నిలకడగా వచ్చాక ఆన్ చేసి, మన క్యూలో మిగిలినవి పోస్ట్‌క్యూ -ఎఫ్‌తో కదిలించండి.