పాత ఇంటి కాంక్రీటుతో ప్రహరీకి సాలిడ్ బ్లాకులు

తిరుపతి పాత వీధుల్లో ఇప్పుడు కొట్టేస్తున్న ఇళ్లు ముఖ్యంగా రెండు రకాలు: సున్నపు మిద్దెలు, సిమెంటు శ్లాబు ఇళ్లు. బ్లాకులకు పనికొచ్చే కంకర శ్లాబు, బీములు, పిల్లర్ల నుంచే వస్తుంది. సున్నపు మిద్దె శిథిలాన్ని పునాది గుంతల్లో పోసి దిమ్మిస కొట్టించండి, అక్కడ దానికి సాటి లేదు. బ్లాకుల్లో కలిపితే మాత్రం బలం రాదు.

జేసీబీ రాకముందే సగం పని అయిపోవాలి. తలుపులు, వైర్లు, పైపులు, టైల్స్, ఫాల్స్ సీలింగ్ ముందుగా విప్పించండి. ఫాల్స్ సీలింగ్‌లోని జిప్సం కొంచెం కలిసినా సిమెంటుతో చర్య జరిగి, కొన్ని నెలలకు బ్లాకు ఉబ్బి పగులుతుంది. బాత్రూం గోడల చవుడు పట్టిన ఇటుకలను కూడా దూరం పెట్టండి, ఆ ఉప్పు కొత్త గోడ మీద తెల్లగా పూస్తుంది. ఆస్బెస్టాస్ రేకుల్ని ఎట్టి పరిస్థితిలోనూ పగలగొట్టొద్దు. తడిపి, మొత్తంగా దించి, విడిగా అప్పగించాలి.

కాంక్రీటు, ఇటుక, మట్టి మూడు కుప్పలుగా పడాలి. అన్నీ కలిసిపోయాక ఏరడానికయ్యే కూలి కొత్త కంకర ధరను మించిపోతుంది.

కాంక్రీటు ముక్కల్లోంచి కమ్మీ పూర్తిగా లాగేశాకే చిన్న క్రషర్‌లో వేయండి. కమ్మీ ముక్క ఉంటే దవడల్లో ఇరుక్కుని మిషన్ ఆగుతుంది. పిండి చేసినదాన్ని రెండు జల్లెడలు పట్టాలి. 12 ఎం.ఎం. జల్లెడ దాటి 5 ఎం.ఎం. జల్లెడ మీద నిలిచినదే మన కంకర. కింద రాలిన పొడిలో పాత సిమెంటు గుజ్జు ఎక్కువ, దాన్ని ఇసుక బదులు వాడొద్దు.

కొత్తవాళ్లు దెబ్బతినేది నీటి దగ్గర. చిత్తూరు క్వారీల గ్రానైట్ కంకర తన బరువులో 1 శాతం నీరు కూడా పీల్చదు. పాత కాంక్రీటు కంకర 4 నుంచి 6 శాతం దాకా పీలుస్తుంది. 5 కిలోలు బాగా ఎండబెట్టి, 24 గంటలు నానబెట్టి, గుడ్డతో పైతడి తుడిచి తూకం వేయండి. 5.25 కిలోలు తూగితే 5 శాతం అన్నమాట. అందుకే ముందురోజు సాయంత్రం కుప్పను తడిపి, పొద్దున నీరు ఓడ్చాకే వాడాలి. పొడిగా వేస్తే మిశ్రమంలోని నీటిని అదే లాగేసుకుంటుంది, అచ్చు ఎత్తగానే బ్లాకు అంచులు రాలిపోతాయి.

పాళ్లు: సిమెంటు ఒక మూట, అంటే 35 లీటర్లు. అదే కొలత పెట్టెతో క్వారీ డస్ట్ (రాతిపొడి) 3, కొత్త బేబీ చిప్స్ (సన్న కంకర) 2, పాత కంకర 3. ఆ 3 పెట్టెల పాత కంకర సుమారు 130 కిలోలు, నానకపోతే అదొక్కటే ఆరేడు లీటర్లు తాగేస్తుంది. మొదట పొడిగా రెండుసార్లు తిప్పి, తర్వాత కొద్దికొద్దిగా నీరు పోయండి. గుప్పెట్లో పిసికితే ముద్ద నిలవాలి, అరచేతికి తడి అంటాలి, చుక్క మాత్రం కారకూడదు. 16×8×6 అంగుళాల బ్లాకులు మూటకు సుమారు 18 వస్తాయి. మూటకు అంతకు మించి తీసిస్తామని ఎవరైనా అంటే, బలం పరీక్ష చూపించమనండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2185 ప్రకారం సాలిడ్ బ్లాకుకు కనీస సగటు బలం చదరపు మిల్లీమీటరుకు 4 న్యూటన్లు.

మరునాటి నుంచి 14 రోజులు తడి ఆరనివ్వొద్దు. మే ఎండల్లో తడి గోనెపట్టాలు కప్పడం తప్పనిసరి. ఆ తర్వాత నీడలో నాలుగు వారాలు ఆరనివ్వాలి. తొందరపడి కడితే బ్లాకులు గోడలోనే కుంచించుకుని, అతుకుల వెంట మెట్లుమెట్లుగా చీలికలు వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలకు కంకర కుప్ప మీద టార్పాలిన్ కప్పండి, లేకపోతే రోజుకో తడి, రోజుకో పాళ్లు.

ఈ కంకరను శ్లాబులో వేయమని బేల్దారి అంటే ఒప్పుకోవద్దు. ఐఎస్ 383 ప్రకారం ఎం25 (కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు) వరకు ఆర్‌సీసీలో, అంటే కమ్మీ వేసిన కాంక్రీటులో, కంకరలో 20 శాతం వరకే వీలుంది, అదీ ఇంజినీరు పరీక్షలు చేయించాకే. ఎం15 కంటే తక్కువ రకం బెడ్ కాంక్రీటులో (పునాది అడుగున పరిచేది) అయితే మొత్తం ఇదే వేసుకోవచ్చు. మిగిలిన శిథిలాన్ని చెరువు కట్ట పక్కన దింపేయకుండా తూకివాకంలోని నగరపాలక సంస్థ ప్లాంటుకు పంపండి.