హైదరాబాదు నుంచి సముద్రానికి గాలంతో వెళ్లేవారు పాటించవలసిన నిబంధనలు

ఊరి చెరువులో గాలం వేయడం అలవాటైనవారు రాత్రి రైలెక్కి బాపట్లలో దిగి, మొదటిసారి సూర్యలంక ఇసుకలో నిలబడబోయే ముందు సాధారణంగా అడిగేది లైసెన్సు గురించి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం లైసెన్సు అడిగేది వేట పడవలను. ఒడ్డున నిలబడి సరదాగా ఒక గాలం వేసుకునే మనిషిని కాదు. అయితే లైసెన్సు లేదంటే నియమమే లేదని అర్థం కాదు. ఏ కాలంలో, ఎక్కడ, ఏ ప్రాణిని అన్న మూడు విషయాల్లోనూ చట్టం కచ్చితంగానే ఉంది.

ముందుగా కాలం సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి వీలుగా వేట నిషేధం అమలవుతుంది. ఇది మరపడవలకు, ఇంజను బిగించిన పడవలకు వర్తిస్తుంది. అందువల్ల సెలవులకని మే నెలలో వెళ్లి, డబ్బిస్తాం లోపలికి తీసుకెళ్లమని ఫైబరు తెప్పవారిని బతిమాలకండి. పట్టుబడితే నష్టపోయేది మీరు కాదు, ఆ పడవతోనే పొట్టపోసుకునే వ్యక్తి. మృగశిర కార్తె నాడు హైదరాబాదు చేపల కోసం ఎగబడేది కూడా సరిగ్గా ఈ నిషేధ కాలంలోనేనన్నది చాలామందికి తట్టని సంగతి. పడమటి తీరంలో, ఉదాహరణకు గోవాలో, ఈ నిషేధం జూన్ 1న మొదలై జూలై 31 వరకు ఉంటుంది.

నిషేధం లేని రోజుల్లో కూడా చేపల పడవ ఎక్కేముందు ఆలోచించండి. దాని రిజిస్ట్రేషన్ వేటకే తప్ప ప్రయాణికులను ఎక్కించుకోవడానికి కాదు.

చోటు విషయానికి వస్తే, సూర్యలంకలో వాయుసేన స్థావరం, విశాఖలో నౌకాదళ ప్రాంతం, ఓడరేవుల పరిధి ఉన్నాయి. హెచ్చరిక బోర్డు కనిపించిన చోట గాలం సంచి విప్పకపోవడమే మంచిది. కాకినాడ పక్కన ఉన్న కోరింగ వన్యప్రాణి అభయారణ్యం కావడంతో, అక్కడ అటవీ శాఖ మాటే చెల్లుతుంది. ఒడ్డు మీద నిలబడి అలివి వల (మత్స్యకారులు గుంపుగా లాగే పెద్ద వల) లాగుతున్నచోట మాత్రం చట్టంతో పని లేకుండానే దూరంగా జరగాలి, ఎందుకంటే మీ కొక్కెం వలలో చిక్కితే ఒక రోజు కూలి చిరిగినట్టే.

అందరూ తేలిగ్గా తీసుకునేది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, మూడో విషయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో సముద్రపు తాబేళ్లు, తిమింగల సొర, రంపపు మూతి సొరలు ఉన్నాయి. వీటిని చంపినా, దగ్గర ఉంచుకున్నా 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్షతోపాటు కనీసం 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. కొత్తవారికి గుర్తుపట్టడమే కష్టం. ఒకసారి నా గాలానికి ముందు సగం బల్లపరుపుగా ఉండే టేకు చేపలాగా, వెనుక సగం సొరలాగా ఉన్న పెద్ద చేప పడింది. ఫొటో కోసం ఒడ్డుకు లాగబోతుంటే పక్కనున్న పెద్దాయన, “బాబూ, దాన్ని ఇసుకలోకి ఈడ్వకండి, దారం కోసేయండి” అన్నాడు. ఆ తరహా చేపల్లో చట్టం కాపాడే రకం ఉందని ఇంటికొచ్చాక తెలిసింది.

వదిలేసే పద్ధతి కూడా నేర్చుకోవాలి. బయలుదేరే ముందే కొక్కెం మొనకు వెనుక ఉండే ముల్లును పట్టకారుతో నొక్కేస్తే, చేప నోటినుంచి అది తేలిగ్గా వస్తుంది. చేపను పట్టుకునే ముందు చేతులు తడుపుకోండి, పొడి చేయి తగిలితే దాని ఒంటి మీది జిగురు ఊడిపోతుంది. కొక్కెం లోపలికి మింగేసి ఉంటే పీకకుండా నోటి దగ్గరే దారం కోయండి. జెల్లను మాత్రం గుడ్డతో పట్టుకోవాలి, దాని ముళ్లు గుచ్చుకుంటే గంటల తరబడి సలుపుతుంది. జనవరి నుంచి మార్చి వరకు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి కనుక రాత్రిళ్లు టార్చిలైటు వేసుకుని ఇసుకలో తిరగకండి.

రైలు టికెట్టు తీసుకునే ముందు మన ప్రగతినగర్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రం) విడుదల చేసే అలల హెచ్చరికలు చూడండి. అలలు ఎగసే రోజుల్లో నీటి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర, రాళ్ల మీద నిలబడకండి. అక్కడికి చేరాక పోటుపాట్ల వేళలను స్థానిక మత్స్యకారులను అడగండి. ఆపద వస్తే తీర రక్షక దళం నంబరు 1554, తీర భద్రతా పోలీసుల నంబరు 1093.