మహిళా సంస్థను నడపడం – 4వ పాఠం: కార్యవర్గ సమావేశం

గత మూడు పాఠాల్లో సంస్థ ఎవరి కోసం, ఏం పని పెట్టుకోవాలి, రిజిస్ట్రేషన్ ఎలా అన్నవి చూశాం. ఏడుగురు సభ్యులు దొరికారు, బైలాస్ (సంస్థ నియమావళి) రాసుకున్నారు, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సర్టిఫికెట్ వచ్చింది, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా అయ్యాయి. ఇక ఈ పాఠంలో నేర్చుకోబోయేది ఒకే ఒక్క పని: కార్యవర్గ సమావేశం నడపడం.

ఇందులో నేర్చుకోవడానికి ఏముంది అనిపించవచ్చు. మన దగ్గర చాలా చిన్న సంస్థల్లో సమావేశం జరగదు, జరిగినట్టు మినిట్స్ (చర్చలు, తీర్మానాలు రాసే పుస్తకం) మాత్రం ఉంటాయి. ఆడిట్ దగ్గర పడగానే ఆఫీసులో పనిచేసే అబ్బాయి పుస్తకం పట్టుకుని సభ్యుల ఇళ్లకు తిరుగుతాడు. ‘సంతకం ఇక్కడొకటి, ఇక్కడొకటి పెట్టండమ్మా’ అంటాడు. పొయ్యి మీద కూర మాడిపోతుందన్న తొందరలో ఆవిడ పెట్టేస్తుంది. బోర్డు మీద మహిళా సాధికారత అని ఉంటుంది, లోపల నిర్ణయాలన్నీ ఒక్క మనిషివి. ఆ ఒక్క మనిషీ మంచిదే కావచ్చు. అయినా మిగతా సభ్యులకు సంస్థ ఎలా నడుస్తుందో తెలియదు. రేపు లెక్కల్లో తేడా వస్తే మాత్రం జవాబు చెప్పాల్సిన వాళ్లలో వాళ్లూ ఉంటారు.

సంతకం అంటే గుర్తొచ్చింది. అహ్మదాబాద్‌లో ఇళా భట్ అనే ఆవిడ 1972లో స్వయం ఉపాధి మహిళల సంస్థ ‘సేవ’ను కార్మిక సంఘంగా రిజిస్టర్ చేయించడానికి వెళితే, యజమానే లేని ఆడవాళ్లకు యూనియన్ ఏమిటి అన్నారు అధికారులు. తలపై బరువులు మోసేవాళ్లు, పాత బట్టలు అమ్ముకునేవాళ్లు ఆ సభ్యులు. రెండేళ్ల తర్వాత 4,000 మంది తలా పది రూపాయలు వేసి సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు. అప్పుడు సంతకాల దగ్గర పేచీ వచ్చింది, ఎందుకంటే కాగితాల మీద సంతకం పెట్టాల్సిన ఆడవాళ్లకు రాయడం రాదు. రాత్రంతా కూర్చుని పేరు రాయడం నేర్చుకుని మర్నాడు పెట్టారు. ఆ కథ చెప్పి చప్పట్లు కొట్టేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం అందులో పనికొచ్చేది, రాయడం రాని ఆ ఆడవాళ్లను బ్యాంకు నడిపే కమిటీలోనే కూర్చోబెట్టడం. మీ కార్యవర్గంలో మీ సంస్థ పనిచేసే వాడల నుంచి ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టండి. ఇద్దరికి తక్కువైతే ఈ పాఠం పక్కన పెట్టి 2వ పాఠానికి వెళ్లండి.

ముందు రోజు వరకు చేయాల్సినవి

వేళ దగ్గరే సగం సమావేశం తేలిపోతుంది. ఉదయం పదకొండు గంటలు అని పెడితే టీచర్లు, రిటైరైనవాళ్లు, ఇంట్లో పనిమనిషి ఉన్నవాళ్లు వస్తారు. కూలికి వెళ్లేవాళ్లు రారు. వచ్చినా ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తారు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, రావడానికేం అనుకుంటాం. టికెట్ లేకపోయినా వాళ్ల ఊరికి చివరి బస్సు ఎన్నింటికో కనుక్కోవాలి. ఆరున్నరకు చివరి బస్సు ఉన్న ఊరి నుంచి వచ్చే సభ్యురాలు ఐదున్నర దాటితే మాట వినదు, గడియారం చూస్తుంది. తేదీ, వేళ ఆవిడను అడిగి పెట్టండి.

ఎజెండా నాలుగు అంశాలు దాటనివ్వకండి. వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పెట్టి చేతులు దులుపుకోవద్దు. చదవడం రానివాళ్లకు ఫోన్ చేసి, ‘అక్కా, ఈసారి కుట్టుమిషన్ల సంగతి మాట్లాడతాం, మీ వాడలో వాళ్లను కూడా అడిగి రండి’ అని చెప్పాలి. వాయిస్ మెసేజ్ అయినా సరే. అడిగి రమ్మన్నందుకే ఆవిడ మాట్లాడటానికి ఏదో ఒకటి తెచ్చుకుంటుంది.

గదిలో సభ్యులు తప్ప ఎవరూ ఉండకూడదు. భర్త దింపడానికి వస్తే బయట టీ ఇప్పించండి. అకౌంటెంట్ మగవాడైనా ఆడమనిషైనా లెక్కల అంశం వరకే లోపల ఉండాలి. కొందరికి కుర్చీలు, కొందరికి చాప అన్నది ఇప్పటికీ కనిపిస్తుంది. అందరికీ కుర్చీలు లేకపోతే అందరూ కిందే కూర్చోండి. పిలుపు కూడా చూసుకోవాలి. ఒకరిని ‘మేడమ్’ అంటూ, వయసులో పెద్దదైన ఇంకో సభ్యురాలిని పేరు పెట్టి ‘నువ్వు’ అంటే, ఆ గదిలో ఎవరి మాట చెల్లుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. అందరికీ ‘గారు’ తగిలించండి, లేదా అందరూ ‘అక్కా’ అనుకోండి.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం

మండల కేంద్రంలో ఒక సంస్థ ఉందనుకోండి. కుట్టు శిక్షణ కేంద్రం నడుపుతోంది. దాతలు ఇచ్చిన డబ్బుతో హాస్టల్ అమ్మాయిలకు కంప్యూటర్ నేర్పే ప్రాజెక్టు ఇంకొకటి ఉంది. కార్యవర్గం తొమ్మిది మంది. జూలై సమావేశానికి ఎనిమిది మంది వచ్చారు, కోరం (సమావేశం చెల్లడానికి కావాల్సినంత మంది) ఉంది. ప్రధాన అంశం: మూడు మోటారు కుట్టుమిషన్లు కొనాలా? ఖర్చు 36,000 రూపాయలు. అధ్యక్షురాలికి కొనాలనే ఉంది. పాత మిషన్లు ఆరు ఉన్నాయి, చేరేవాళ్లు తగ్గుతున్నారు, కొత్తవి పెడితే వస్తారని ఆవిడ లెక్క.

ముందు కోశాధికారి. ఆవిడ చేతిలో ఒక్క పేజీయే ఉండాలి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఇలా చదువుతుంది:

తొలి నిల్వ 1,82,400. విరాళం 50,000. కుట్టు కేంద్రం ఫీజులు 18,600. మొత్తం 2,51,000. ఖర్చులు: జీతాలు 72,000, అద్దె 12,000, సామగ్రి 21,500, ప్రయాణాలు 6,300, మొత్తం 1,11,800. మిగిలింది 1,39,200. ఇందులో బ్యాంకులో 1,36,700, చేతిలో 2,500.

చాలా సంస్థల్లో ఇక్కడితో ‘లెక్కలు ఆమోదించడమైనది’ అని రాసి ముందుకు పోతారు. పోకండి. పాస్‌బుక్ చేతులు మారాలి. బ్యాంకు నిల్వ అంకెను కోశాధికారి కాకుండా వేరే సభ్యురాలు పాస్‌బుక్ చూసి పైకి చదవాలి. చదవడం రానివాళ్లు కూడా పెద్ద అంకెలు గుర్తుపడతారు, డ్వాక్రా సంఘాల్లో పొదుపు లెక్కలు చూసినవాళ్లు మరీ బాగా గుర్తుపడతారు.

తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. సంస్థ నడిపేవాళ్లకు దీనికి మించిన ప్రశ్న లేదని నా అభిప్రాయం. ఈ 1,39,200లో మనం మన ఇష్టప్రకారం ఖర్చు పెట్టుకోగలిగింది ఎంత? కోశాధికారి చూసి చెబుతుంది: 90,000 కంప్యూటర్ ప్రాజెక్టుది, దాత దానికే ఇచ్చారు, వేరేదానికి వాడకూడదు. మిగిలింది 49,200. నెలకు జీతాలు 24,000, అద్దె 4,000, కలిపి 28,000. అంటే కొత్తగా రూపాయి రాకపోతే ఆఫీసు రెండు నెలలు కూడా నడవదు. మిషన్లు కొంటే మిగిలేది 13,200, రెండు వారాల ఖర్చు.

పాస్‌బుక్‌లో లక్షా ముప్పై ఆరు వేలు చూసి ‘డబ్బులున్నాయి కదా’ అనుకున్న గది ఈ అంకె వినగానే మారిపోతుంది. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలైతే ఇంకా జాగ్రత్త. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బులో పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 శాతం ఉండేది. అది వేరే పాఠం.

అందరి చేతా మాట్లాడించడం

ఇప్పుడు మిషన్ల అంశం. అధ్యక్షురాలు మొదట మాట్లాడితే పని అయిపోయినట్టే. ‘మేడమ్ ఎట్లంటే అట్ల’ అని అందరూ తలూపుతారు. అందుకని అధ్యక్షత వహించేవాళ్లు ఆఖర్న మాట్లాడాలి. ముందు కార్యదర్శి అంశాన్ని రెండు ముక్కల్లో చెబుతుంది. తర్వాత వరసగా ఒక్కొక్కరు, కార్యవర్గంలో అందరికన్నా కొత్తగా వచ్చినవాళ్ల నుంచి మొదలు. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు అందుకోకూడదు. ‘నాకేం తెలుసు’ అంటే వదిలేయకండి, అలాగని ‘మీ అభిప్రాయం చెప్పండి’ అనీ అడగకండి. అభిప్రాయం అడిగితే బిగుసుకుంటారు. చూసింది అడగండి: ‘మీ వాడ నుంచి కుట్టు నేర్చుకోవడానికి ఎవరైనా వస్తున్నారా? మానేసినవాళ్లున్నారా? ఎందుకు మానేశారు?’

మన ఉదాహరణలో ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన సభ్యురాలు అప్పుడు నోరు విప్పుతుంది: ‘మిషన్లు ఉన్నయే ఖాళీగుంటున్నయి గదక్కా. పదకొండింటికి క్లాసంటే ఎవలొస్తరు? మేమంతా కలుపుకు పోతం. ఐదైనంక పెట్టుండ్రి, అప్పుడు చూడుండ్రి.’

సమస్య మిషన్లది కాదు, క్లాసు వేళది. ఈ సంగతి ఆఫీసులో కూర్చున్న ఎవరికీ తెలియదు. తర్వాత మాట్లాడే అంగన్‌వాడీ టీచర్ ఇంకో చిక్కు తెస్తుంది: ఏడింటికి క్లాసు అయిపోతే దూరపు ఊళ్ల అమ్మాయిలు చీకట్లో ఎలా వెళతారు? ఇదీ నిజమే. ఇలా ఒకరి మాట మీద ఇంకొకరి మాట నిలబడుతున్నప్పుడు తొందరపెట్టకండి, మిగతా అంశాలు వచ్చే నెలకు పోయినా ఫర్వాలేదు.

ఇక అధ్యక్షురాలి వంతు. ఆవిడకు ఇప్పటికీ మిషన్లు కొనాలనే ఉండవచ్చు. ఆ మాటే చెప్పొచ్చు. కానీ చెప్పాక చేతులెత్తమనాలి, లెక్కపెట్టాలి, ఓడితే ఓడానని పుస్తకంలో రాయించాలి. షాపు వాడికి ముందే మాట ఇచ్చేసి సమావేశానికి వచ్చే అధ్యక్షులను చూశాను. వాళ్లకు ఈ ఘట్టం భలే టెన్షన్‌గా ఉంటుంది.

తీర్మానం రాయడం

మామూలుగా రాసేది ఇలా ఉంటుంది: ‘కుట్టు కేంద్రం అభివృద్ధి గురించి సుదీర్ఘంగా చర్చించి తగు చర్యలు తీసుకోవాలని నిర్ణయించడమైనది.’ ఎవరు, ఏమిటి, ఎప్పటికి? ఒక్కటీ లేదు. మూడు నెలల తర్వాత దీన్ని చూసి ఎవరినీ ఏమీ అడగలేం. ఇలా రాయండి:

‘తీర్మానం 3. కుట్టు శిక్షణ తరగతులను ఆగస్టు 1 నుంచి అక్టోబర్ 31 వరకు ప్రయోగాత్మకంగా సాయంత్రం 5 నుంచి 7 గంటల వరకు నడపాలని తీర్మానించడమైనది. దూరపు ఊళ్ల నుంచి వచ్చేవారిని 6 గంటలకే పంపాలి. శిక్షకురాలి అంగీకారం తీసుకోవడం, రోజువారీ హాజరు రాయడం సంయుక్త కార్యదర్శి బాధ్యత. కొత్త మిషన్ల అంశాన్ని ఆ హాజరు లెక్కతో నవంబర్ సమావేశంలో చేపట్టాలి. అనుకూలం 6, వ్యతిరేకం 1, తటస్థం 1. వ్యతిరేకించిన సభ్యురాలి మాట: కొత్త మిషన్లు లేకపోతే పట్టణం అమ్మాయిలు చేరరు.’

వ్యతిరేకించినవాళ్ల మాట కూడా రాశాం, చూశారా. మన పుస్తకాల్లో ప్రతిదీ ‘ఏకగ్రీవంగా’ ఉంటుంది. ఏళ్ల తరబడి అన్నీ ఏకగ్రీవమైతే ఆ పుస్తకం ఒక్కరే కూర్చుని రాశారని చదివేవాళ్లకు అర్థమవుతుంది. రాసింది అక్కడే పైకి చదివి వినిపించి, అప్పుడే సంతకాలు, వేలిముద్రలు తీసుకోవాలి. మర్నాటికి వాయిదా వేస్తే మళ్లీ ఆఫీసు అబ్బాయి ఇంటింటికీ తిరగాల్సిందే.

ఇంకో ముఖ్యమైన సంగతి. మిషన్లు అమ్మే షాపు కోశాధికారి మరిదిది అనుకోండి. చిన్న ఊళ్లలో ఇది జరగకుండా ఉండదు, అందులో తప్పూ లేదు. ఆవిడ ముందే చెప్పాలి, ఆ అంశం మీద చర్చ జరుగుతున్నప్పుడు బయటికి వెళ్లాలి, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి, వేరే షాపుల కొటేషన్లు కూడా పక్కన పెట్టాలి. కార్యవర్గ సభ్యులకు, వాళ్ల బంధువులకు సంస్థ డబ్బుతో అనుచితమైన లాభం చేరిందని తేలితే ఆదాయపు పన్ను మినహాయింపుకే ముప్పు. ఆఫీసుకు సభ్యుల ఇల్లో, వాళ్ల బంధువుల ఇల్లో అద్దెకు తీసుకున్నా ఈ లెక్కలోకే వస్తుంది. చెప్పకుండా దాచి తర్వాత బయటపడితే ఊళ్లో పోయే పరువు దీనికి అదనం.

ఇంటిపని

వచ్చే పాఠం సిబ్బంది గురించి. పది మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. ‘మనది మహిళా సంస్థే కదా, మనకెందుకు’ అన్నది చెల్లదు. అది చదివే లోపు ఈ రెండు పనులు చేయండి.

మీ మినిట్స్ పుస్తకం తీసి చివరి పది తీర్మానాలు చదవండి. ప్రతిదాని పక్కన పెన్సిల్‌తో ఎవరు, ఎంత, ఎప్పటికి అని వెతికి రాయండి. దొరకనివాటి పక్కన సున్నా చుట్టండి. ఏకగ్రీవం కానివి ఎన్నున్నాయో కూడా చూడండి.

రెండోది, మీ బ్యాంకు నిల్వలోంచి దాతలు ప్రత్యేక పనికి ఇచ్చిన డబ్బు తీసేసి, మిగిలినదాన్ని నెల జీతాలు, అద్దెతో భాగించండి. వచ్చిన అంకెను వచ్చే సమావేశం ఎజెండాలో మొదటి అంశంగా పెట్టి, కోశాధికారి చేత కాకుండా ఇప్పటివరకు సమావేశాల్లో ఒక్కసారి కూడా మాట్లాడని సభ్యురాలి చేత చదివించండి. అంకెలు చదవడం రాకపోతే ముందు రోజు సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లి, పాస్‌బుక్ ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి.