తోతాపురికి కత్తెర ఆగస్టు 15 లోపే

మామిడి కొమ్మల కత్తిరింపు చలికాలానికి వాయిదా వేస్తే ఆ ఏటి పూత చాలావరకు పోయినట్టే. పియర్, ఆపిల్ చెట్లు చలికి ఆకు రాల్చి నిద్రపోతాయి కాబట్టి వాటికి అప్పుడే కత్తెర వేస్తారు. మామిడి పూత రెమ్మ కొసన వస్తుంది. డిసెంబరులో కొస తీస్తే పూతమొగ్గను తీసినట్టే.

చిత్తూరు, తిరుపతి తోటల్లో తోతాపురి కోత జూలై దాకా సాగుతుంది. ఆఖరి కాయ దించగానే పని మొదలుపెట్టి ఆగస్టు 15 లోపు ముగించండి. కొత్త చిగురు ముదరడానికి నాలుగైదు నెలలు కావాలి. సెప్టెంబరు చివర కొమ్మలు కత్తిరిస్తే, మన దగ్గర అక్టోబరు, నవంబరు వానలకు ఆ చిగురు లేతగానే సాగుతుంది, పూత వేళకు అందదు.

ముందు ఎండుపుల్లలు, తెగులు కొమ్మలు తీసేయండి. తర్వాత చెట్టు నడుమ నిలువుగా లేచినవాటిలో ఒకటి రెండు. మధ్యాహ్నం చెట్టు కింద నేలమీద అక్కడక్కడ ఎండ పొడ పడితే చాలు. పూత రసం పీల్చే తేనెమంచు పురుగు నడిమి గుబురులోనే దాక్కుంటుంది. అయితే చెట్టు గుబురులో పావు వంతుకు మించి కోయొద్దు. మించితే బెరడు ఎండకు పగులుతుంది, చెట్టు పూత మాని ఆకే వేస్తుంది.

ఇక రెమ్మ కొస. కాసిన రెమ్మకు ఎండిన పూతకాడ పుల్లలా అంటుకుని ఉంటుంది. దాని దిగువన కణుపులు ఒత్తుగా, ఉంగరంలా కనిపిస్తాయి. ఉంగరానికి పైన కోస్తే అయిదారు చిగుళ్లు ఒకేచోట లేచి అన్నీ సన్నబడతాయి. కాస్త కింద కోస్తే తక్కువ వస్తాయి, బలంగా వస్తాయి. మొత్తం 10-15 సెంటీమీటర్లు పోతుంది. ఎక్కువ చిగుళ్లు వస్తే రెండు మూడు ఉంచి మిగతావి గిల్లేయండి.

లావు కొమ్మకు రంపం ముందు అడుగు నుంచి పెట్టాలి, లేదంటే విరిగేటప్పుడు బెరడు కాండం దాకా చీలుతుంది. గాయానికి అదే రోజు బోర్డో పేస్టు పూయండి: మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు 10 లీటర్లు. ఇనుప పాత్రలో కలపకండి.

పదేళ్లు దాటిన చెట్టుకు వెంటనే నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి కిలో అందేలా ఎరువు వేయండి. నవంబరు నుంచి పూత వచ్చేదాకా నీళ్లు ఆపండి. ఆకు ముదురు పచ్చగా మారి, మడిస్తే పుటుక్కున విరిగితేనే లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కలిపి పిచికారీ చేయండి. లేత రెమ్మ మీద కొడితే మళ్లీ చిగురే వస్తుంది.