గింజ నుంచి బార్ దాకా: చిన్న చాక్లెట్ యూనిట్‌లో ఏది ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

చాక్లెట్ పనిలో లోపం కనిపించే చోటు ఒకటి, పుట్టే చోటు ఇంకొకటి. బార్ పుల్లగా ఉంటే గ్రైండర్‌ను తిట్టుకుంటాం. అసలు తప్పు నెల కిందట తోటలోనే జరిగిపోయి ఉండొచ్చు. కాబట్టి ఏ ఇబ్బంది వచ్చినా ముందు ఒకటి రెండు దశలు వెనక్కి వెళ్లి చూడండి, మెషీన్ మీద చెయ్యి ఆ తర్వాతే వేయండి. ఇక్కడి లెక్కలన్నీ ఏలూరు, గోదావరి జిల్లాల ఎండు కోకో గింజలు కొని, కోకో 70 శాతం ఉండే డార్క్ బార్ చేసే చిన్న యూనిట్‌వి. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో.

బార్ వగరుగా ఉంది, నాలుక పట్టేస్తోంది

కారణం: గింజ సరిగ్గా పులియలేదు. కాయ కొట్టి తీసిన గింజల్ని గుజ్జుతో సహా చెక్కపెట్టెలోనో బుట్టలోనో కుప్పగా పోసి, పైన అరిటాకులు కప్పి, 5–6 రోజులు ఉంచాలి. కుప్ప లోపల వేడి 45–50 డిగ్రీలకు ఎక్కాలి. 48 గంటలకు ఒకసారి, ఆ తర్వాత మరోసారి తిరగేయాలి. కుప్ప మరీ చిన్నదైతే ఆ వేడి పుట్టదు. రెండు మూడు రోజులకే ఎండకు వేసిన సరుకు పైకి ఎర్రగా, బాగానే కనిపిస్తుంది. మోసం లోపలే ఉంటుంది.

పరీక్ష: సంచిలో నాలుగు చోట్ల నుంచి కలిపి 100 గింజలు తీసి, బారుగా నిలువునా కోయండి. లోపల గోధుమరంగు, మెదడులా చీలికలు ఉంటే బాగా పులిసినట్టు. ఊదారంగు ఉంటే సగం పులిసింది. పలకలా బూడిదరంగులో గట్టిగా ఉంటే అసలు పులియలేదు. అంతర్జాతీయ మొదటి గ్రేడుకు పలకరంగు గింజలు 3 శాతం దాటకూడదు, బూజుపట్టినవీ 3 దాటకూడదు. ఊదా గింజలు నూటికి ఇరవై ముప్పై ఉంటే ఆ సరుకుతో డార్క్ బార్ చేయకండి.

పరిష్కారం: కొన్న సరుకును బాగుచేసే మార్గం లేదు. వేయింపు పెంచితే వగరు కాస్త తగ్గుతుంది, దాని బదులు మాడు చేదు వస్తుంది. పాలపొడి కలిపే మిల్క్ చాక్లెట్‌లోకి కొంత సర్దుకోవచ్చు. అసలు మందు కొనేటప్పుడే ఉంది. పులియబెట్టే తీరు చూపించే రైతు దగ్గర, కోత పరీక్ష చేశాకే కొనండి. మామూలు ధర కంటే కిలోకు కొంత ఎక్కువ ఇచ్చి ఆరు రోజుల పులియబెట్టడం రాయించుకుంటే, ఆ ఎక్కువ ఇచ్చిన డబ్బే మీ బార్ రుచి.

వగరు లేదు, వెనిగర్‌లా పుల్లగా ఉంది

ఇది వేరే జబ్బు. పులియడం బాగానే జరిగింది, ఆరడం మరీ త్వరగా జరిగింది. మండుటెండలో పలచగా పరిచినా, డ్రయర్‌లో ఎక్కువ వేడి పెట్టినా పైపొట్టు ముందే గట్టిపడి లోపలి ఎసిటిక్ ఆమ్లం బయటికి పోదు. వారం రోజులు నెమ్మదిగా ఎండి తేమ 7 శాతానికి రావాలి.

దీనికి మాత్రం మందు ఉంది. ఆ ఆమ్లం ఆవిరవుతుంది. గ్రైండర్ తిరిగే మొదటి 10–12 గంటలు మూత తెరిచి ఉంచండి, పైనుంచి చిన్న ఫ్యాన్ గాలి తగలనివ్వండి, లోపల 50–55 డిగ్రీలు ఉండేట్టు చూడండి. ముక్కు దగ్గర పెడితే ఘాటు తగ్గడం తెలుస్తుంది. అతిగా వదిలేస్తే పులుపుతో పాటు సువాసనా పోతుంది. ఆరారు గంటలకు ఒక చెంచా తీసి చల్లార్చి రుచి చూస్తుండండి.

పొగవాసన వస్తే మాత్రం ఆశ వదులుకోండి. వర్షాల్లో కట్టెల మంట మీద ఆరబెట్టిన గింజకు ఆ వాసన పడుతుంది. ఏం చేసినా వదలదు.

నోట్లో గరగరలాడుతోంది

కణం 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దాటితే నాలుకకు తెలుస్తుంది. 20–25 దగ్గర ఆపాలి. చిన్న డిజిటల్ మైక్రోమీటర్ కొనుక్కుంటే ఊహ అక్కర్లేదు. ఒక చుక్క చాక్లెట్‌ను కాస్త నూనెలో కలిపి దవడల మధ్య పెట్టి కొలవండి.

చిన్న యూనిట్లు వాడే మెలాంజర్ అనే రాతి గ్రైండర్ మన ఇడ్లీపిండి వెట్ గ్రైండర్‌కు దగ్గరి చుట్టమే. కోయంబత్తూరు మెషీన్ల నుంచి మార్చుకున్నవే ఇప్పుడు దేశదేశాల చిన్న చాక్లెట్ యూనిట్లలో తిరుగుతున్నాయి. అయితే పిండి గ్రైండర్‌నే తెచ్చి నేరుగా వాడకండి. రెండు రోజులు ఆగకుండా తిరగడానికి దాని మోటారు, బేరింగులు తట్టుకోవు.

గరగర తగ్గకపోవడానికి మామూలు కారణం తొందర. 24 గంటలకే ఆపేయడం. డార్క్‌కు 36 నుంచి 60 గంటలు పట్టొచ్చు. రెండో కారణం, రాళ్లను బిగించే మర మొదటి నుంచి చివరిదాకా వదులుగానే ఉండిపోవడం. మొదటి గంట వదులుగా, పప్పు (వేయించి పొట్టు తీసిన కోకో గింజ) కరిగి జారుడుగా అయ్యాక క్రమంగా బిగించాలి. మూడోది, పంచదార మొదట్లోనే ఒక్కసారిగా గుమ్మరించడం. పప్పు నున్నబడ్డాక, నాలుగైదు గంటల తర్వాత, కొంచెం కొంచెంగా వేయండి.

గ్రైండర్ ఆగిపోయింది, మూలుగుతోంది, బెల్టు వాసన

వేయించి, పొట్టు తీసిన పప్పును చల్లగా, పెద్ద ముక్కలుగా, కిలోలకు కిలోలు వేస్తే ఇలాగే అవుతుంది. డ్రమ్మును, రాళ్లను హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి, పప్పును మిక్సీలో పొడికొట్టి, గుప్పెడు గుప్పెడుగా అరగంట పాటు వేయండి.

మనకు అసలు ఎదురయ్యేది కరెంటు కోత. రాత్రి రెండింటికి కరెంటు పోయి, తెల్లారేసరికి చాక్లెట్ రాళ్ల చుట్టూ గట్టిపడి ఉంటుంది. కరెంటు రాగానే మెషీన్ దానంతటదే తిరగబోతుంది. అక్కడే బెల్టు తెగుతుంది, లేదా మోటారు కాలుతుంది. కాబట్టి కరెంటు పోతే ఆఫ్ అయి, మనం నొక్కితే తప్ప తిరిగి ఆన్ కాని స్విచ్ వేయించండి. గట్టిపడితే డ్రమ్మును ఊడదీసి 50 డిగ్రీల వెచ్చదనంలో పూర్తిగా కరిగేదాకా ఉంచాకే మళ్లీ తిప్పండి. టేబుల్‌టాప్ మెషీన్‌కు ఇన్వర్టర్ పెట్టడం పెద్ద ఖర్చు కాదు.

కరిగిన చాక్లెట్ ఒక్కసారిగా ముద్దయిపోయింది

నీళ్లు పడ్డాయి. ఒక్క చెంచా చాలు. తేమ తగిలిన పంచదార కణాలు ఒకదానికొకటి అతుక్కుని కొవ్వును వదిలేస్తాయి. డబుల్ బాయిలర్ ఆవిరి, తడి గరిటె, ఫ్రిజ్ నుంచి తీసిన గిన్నె అడుగున చెమట, ఏదైనా కావచ్చు. పాలు పోసి మిల్క్ చాక్లెట్ చేయబోయినా ఇదే జరుగుతుంది. పాలపొడే వాడాలి.

బెల్లం చాక్లెట్ చేయాలనుకునేవాళ్లు దాదాపు అందరూ ఇక్కడే పడతారు. మామూలు బెల్లంలోనే తేమ ఉంటుంది. పొడిబెల్లం కూడా తెరిచిన గంటకే గాలిలో తేమ పీల్చుకుంటుంది. పలచగా పరిచి 50–60 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఆరబెట్టి, వేడి మీదే గాలి చొరని డబ్బాలో పెట్టి, చల్లారగానే గ్రైండర్‌లో వేయండి. తాటిబెల్లానికి ఇంకాస్త ఎక్కువ సేపు కావాలి. అయినా చాక్లెట్ చిక్కగానే వస్తుంది. మొత్తంలో 3–5 శాతం కోకో బటర్ (కోకో గింజలోని కొవ్వు) కలిపితే పోయడానికి వీలవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరాల్లో వానాకాలం గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫయర్ లేకుండా బెల్లం జోలికి పోకపోవడమే మేలు.

ముద్దయిన సరుకును బార్ చేయలేరు. వేడి పాలతో కలిపి సాస్‌గానో, కేకుల్లోకో వాడుకోండి. గ్రైండర్‌లో మళ్లీ వేయొద్దు.

అచ్చులోంచి ఊడదు, మెరుపు లేదు, విరిస్తే వంగుతోంది

అందరినీ ఎక్కువగా ఏడిపించేది ఇదే. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గట్టిపడగలదు. మనకు కావలసింది ఐదోది, 34 డిగ్రీల దగ్గర కరిగేది. ఠక్కున విరగడం, మెరుపు, అచ్చు నుంచి తనంతట ఊడటం దానివల్లే. మొదటి నాలుగూ అంతకంటే తక్కువ వేడికే కరిగిపోతాయి. టెంపరింగ్ అంటే పనికిమాలిన స్ఫటికాల్ని కరిగించి, ఐదో రకాన్ని మాత్రమే మిగల్చడం.

డార్క్‌కు: 45–50 డిగ్రీలకు పూర్తిగా కరిగించండి. కలుపుతూ 27–28కి దించండి. మళ్లీ 31–32కి పెంచి, పోసేదాకా అక్కడే ఉంచండి. మిల్క్ చాక్లెట్‌కు 45, 26–27, 29–30. గ్రానైట్ బండ మీద పరిచి తిప్పడం కంటే కొత్తవాళ్లకు విత్తనం పద్ధతి నయం. కిలో కరిగించిన చాక్లెట్ 34–35కి దిగాక, ఇదివరకే బాగా టెంపరైన చాక్లెట్ ముక్కలు 250 గ్రాములు వేసి, 31–32కి వచ్చేదాకా కలపండి. కరగని ముక్కలుంటే తీసేయండి.

పోయడానికి ముందు చాకు కొనను ముంచి తీయండి. 20–22 డిగ్రీల గదిలో 3–5 నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడితే పోయొచ్చు. గట్టిపడకపోతే, చారలు కనిపిస్తే, మళ్లీ 45 నుంచి మొదలుపెట్టండి. చాక్లెట్ పాడవదు, పోయేది గంటే.

టెంపర్ సరిగ్గా ఉన్నా బార్ చెడుతోందంటే మూడు చోట్ల చూడండి. ఒకటి, థర్మామీటర్: రెండు డిగ్రీలు తప్పు చూపిస్తే పని మొత్తం తప్పే. మంచుముక్కలు నిండిన నీళ్లలో సున్నా చూపాలి. రెండు, గది. వేసవిలో విజయవాడలో ఏసీ లేకుండా టెంపరింగ్ చేయడం జరిగే పని కాదు. యూనిట్ పెట్టేటప్పుడు మొదటి ఖర్చు మెషీన్ మీద కాదు, 20–22 డిగ్రీలు నిలబెట్టే ఏసీ గది మీద పెట్టండి. మూడు, అచ్చులు. గట్టి పాలీకార్బొనేట్ అచ్చులే వాడండి, దూదితో తుడిచి, 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పోయండి. పోశాక ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. గట్టిపడేటప్పుడు చాక్లెట్ లోపలి నుంచి వేడి వస్తుంది, అది బయటికి పోకపోతే బార్ మధ్యలో మసక మచ్చ పడుతుంది. విడివిడిగా 12–15 డిగ్రీల చల్లదనంలో 15–20 నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

వారం తర్వాత తెల్లబారింది

బూజు అనుకుని కొన్నవాళ్లు వెనక్కి పంపుతారు. అది బూజు కాదు. ఈ తెలుపు రెండు రకాలు. వేలితో రుద్దితే కరిగి మాయమయ్యేది కొవ్వు తెలుపు: టెంపర్ తప్పింది, లేదా బార్ ఎండలో మెత్తబడి మళ్లీ గట్టిపడింది. గరుకుగా ఉండి, రుద్దినా పోనిది పంచదార తెలుపు: బార్ మీద నీటి చెమ్మ పట్టింది. రెండోది ఎక్కువగా షాపు ఫ్రిజ్‌ల వల్లే వస్తుంది. షాపువాళ్లకు చెప్పండి: ఫ్రిజ్ నుంచి తీసిన బార్ గది వేడికి వచ్చేదాకా, కనీసం రెండు గంటలు, కవరు తెరవకూడదని. నిల్వకు 16–18 డిగ్రీలు, తేమ 50 శాతం లోపు ఉంటే మంచిది.

దారిలో కరిగిపోతోంది

ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొరియర్ వ్యాను లోపలి వేడికి ఏ డార్క్ బారూ ఆగదు. థర్మోకోల్ పెట్టె, జెల్ ప్యాక్ వేయండి. జెల్ ప్యాక్ బార్‌కు తగలకుండా మధ్యలో అట్ట పెట్టండి, తగిలితే పంచదార తెలుపే. సోమ, మంగళవారాల్లో మాత్రమే పంపండి, ఆదివారం గోడౌన్‌లో పడి ఉండకుండా. ఆ ప్యాకింగ్ ఖర్చు భరించలేకపోతే వేసవిలో దూరప్రాంతాల ఆర్డర్లు ఆపేసి, పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి, వేయించిన పప్పు అమ్ముకోండి. కరగని సరుకు అది.

అమ్మకం ఉంది, డబ్బు మిగలట్లేదు

దీనికి కాగితం తీయాల్సిందే. 10 కిలోల ఎండు గింజల్లో ఏరుడు, వేయింపు, పొట్టు పోగా సుమారు 7.5 కిలోల పప్పు చేతికొస్తుంది. 3.2 కిలోల పంచదార కలిపితే 10.7 కిలోలు. డ్రమ్ములో, అచ్చుల్లో పోయేది తీసేస్తే 50 గ్రాముల బార్లు 200.

గింజ కిలో 600 అనుకుందాం. బార్‌కు ముడిసరుకు దాదాపు 31 రూపాయలు. ప్యాకింగ్ 12 వేసుకుంటే 43. ఎమ్మార్పీ 200 పెట్టి షాపుకు 30 శాతం ఇస్తే మీకు వచ్చేది 140. అందులో జీఎస్టీ తీస్తే 133. చాక్లెట్ మీద 18 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమైంది కాబట్టి ఆ మాత్రమైనా. అంటే బార్‌కు 90 మిగులు. అద్దె, ఏసీ కరెంటు, ఒక మనిషి జీతం కలిపి నెలకు 60 వేలైతే, ఖర్చు తేలడానికే 667 బార్లు అమ్మాలి.

ఇప్పుడు మెషీన్ వైపు చూడండి. టేబుల్‌టాప్ గ్రైండర్‌లో విడతకు 3 కిలోలు, అంటే 60 బార్లు. విడతకు రెండున్నర రోజులు. నెలంతా ఆగకుండా తిప్పినా 720 దాటదు. లాభం మొదలయ్యే చోటే మెషీన్ సామర్థ్యం అయిపోతోంది. కాబట్టి టేబుల్‌టాప్‌తో ఉన్నంతకాలం అద్దె గది, జీతం మనిషి వద్దు, షాపుల కంటే నేరుగా అమ్ముకోండి. అద్దె గదికి వెళ్లే రోజు 10 కిలోల పైన పట్టే మెషీన్‌తోనే వెళ్లండి. గింజ ధరకు కూడా చోటు ఉంచుకోండి: 2024లో కిలో వెయ్యి దాకా ఎక్కి, మరుసటి ఏడే సగానికి పడింది. బార్ మీద ముద్రించిన ధర అంత త్వరగా మారదు.

లేబుల్ మీద అభ్యంతరం వచ్చింది

కోకో బటర్ కాకుండా వేరే వెజిటబుల్ కొవ్వు 5 శాతం దాటితే దాన్ని చాక్లెట్ అని అమ్మకూడదు. కాంపౌండ్ స్లాబు (కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసిన దిమ్మ) కరిగించి పోసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. బెల్లం, ఖర్జూరం వేసి ‘షుగర్ ఫ్రీ’ అని రాయడం మరో మామూలు తప్పు. ఆ మాట రాయాలంటే 100 గ్రాముల్లో చక్కెరలన్నీ కలిపి 0.5 గ్రాము మించకూడదు. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, శాకాహార గుర్తు, బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, పాలు లేదా గింజపప్పులు ఉంటే అలర్జీ సూచన తప్పనిసరి. లైసెన్సు వచ్చాకే కవర్లు ప్రింట్ చేయించండి. ముందే చేయించిన ఐదు వేల కవర్ల మీద స్టిక్కర్లు అంటించే పని ఎవరికీ వద్దు.